హోలోకాస్ట్ స్మారక ఛాంబర్ సంగీత కచేరీ

నాజీ జర్మనీ, దానికి తోడు నిలిచిన ప్రభుత్వాలు 1941–45 మధ్య హతమార్చిన సుమారు 60 లక్షల మంది యూదుల స్మృతిలో జరిపే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత సభ. యూదు పంచాంగంలో నీసాన్ నెల 27న గానీ, జనవరి 27న గానీ ఇది ఎక్కువగా జరుగుతుంది. 1945లో సోవియట్ సైన్యం ఆష్విట్జ్ శిబిరాన్ని విడిపించింది జనవరి 27నే. ఐక్యరాజ్యసమితి 2005 నవంబరు 1న చేసిన తీర్మానంతో ఆ తేదీ అంతర్జాతీయ స్మృతి దినమైంది.

ఛాంబర్ సంగీతాన్ని ఇద్దరు మొదలుకొని ఎనిమిది తొమ్మిది మంది దాకా కలిసి వాయిస్తారు. ఒక్కో భాగానికి ఒక్క వాద్యమే ఉంటుంది, చేయి ఊపి నడిపించేవాడు ఉండడు. మన కచేరీల్లోలాగా ప్రధాన కళాకారుడు, పక్కవాద్యాలు అనే తేడా కూడా లేదు. స్మారక సభలకు ఈ రూపం స్థిరపడడానికి బలమైన కారణం శిబిరాల్లోనే ఉంది. అక్కడి స్వరకర్తలకు దొరికినవి రెండు మూడు వాద్యాలు, కాసిని కాగితాలు. వాటితోనే వారు రాశారు. ఈ కచేరీల్లో వినిపించే కృతుల్లో చాలా వాటిని చనిపోయిన వారి గురించి తర్వాతివారు రాయలేదు, చనిపోయిన వారే రాశారు.

టెరెజీన్

ప్రాగ్ నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోట పట్టణం టెరెజీన్. 1941 నవంబరులో నాజీలు దాన్ని యూదుల నిర్బంధ వాడగా మార్చారు. అక్కడికి తరలించిన 1,40,000 మందికి పైగా జనంలో సుమారు 33,000 మంది ఆకలితో, రోగాలతో అక్కడే కన్నుమూశారు. సుమారు 88,000 మందిని తూర్పున ఉన్న ఆష్విట్జ్ వంటి శిబిరాలకు పంపారు. యూదులు వాద్యాలు ఉంచుకోకూడదన్న నిషేధం ఉన్నా మొదట్లో కొందరు దొంగచాటుగా తెచ్చుకున్నారు. తర్వాత అధికారులే సంగీతాన్ని అనుమతించారు, ఆపైన దాన్ని వాడుకున్నారు. 1944 జూన్ 23న రెడ్ క్రాస్ బృందం చూడడానికి వచ్చినప్పుడు ఊరికి రంగులు వేసి, హాన్స్ క్రాసా స్వరపరిచిన పిల్లల ఆపెరా బ్రుండిబార్‌ను ఆడించి చూపారు. ఆ ఏడాదే తీసిన ప్రచార చిత్రంలో పావెల్ హాస్ తంత్రీ వాద్యాల కోసం రాసిన కృతిని కరెల్ అంచెర్ల్ నిర్వహణలో వాయిస్తున్న దృశ్యం ఉంది. చిత్రీకరణ అయిన కొద్ది వారాలకే హాస్‌ను ఆష్విట్జ్ రైలు ఎక్కించారు. టెరెజీన్ సంగీతం గురించి చెప్పేటప్పుడు ఈ మోసాన్ని దాచి, కళ గెలిచిందన్న కథ ఒక్కటే చెప్పడం ఆ మనుషులకు న్యాయం కాదు.

1944 అక్టోబరు 16న బయలుదేరిన ఆ రైల్లో హాస్‌తో పాటు స్వరకర్తలు విక్టర్ ఉల్మాన్, క్రాసా, గిడియాన్ క్లైన్ కూడా ఉన్నారు. మొదటి ముగ్గురినీ ఆష్విట్జ్ చేరిన ఒకటి రెండు రోజుల్లోనే చంపారు. క్లైన్‌కు అప్పటికి 24 ఏళ్లు. వయొలిన్, వియోలా, చెల్లోల కోసం రాస్తున్న త్రయాన్ని ఆ నెల 7న ముగించాడు. అందులోని మధ్య భాగం ఒక మొరావియా జానపద పాట మీద అల్లిన మార్పుల మాల. మూడు భాగాల్లో అదే అన్నింటికన్నా పొడుగు. పుట్టిన నేల పాటను అతడు ఎంత ప్రేమతో తిప్పి తిప్పి చూశాడో విన్నవారికి తెలుస్తుంది. అతడు 1945 జనవరిలో ఫ్యూర్‌స్టెన్‌గ్రూబె బొగ్గుగని శిబిరంలో చనిపోయాడు.

ఉల్మాన్ 1943లో రాసిన మూడవ తంత్రీ చతుష్టయం కూడా ఈ సభల్లో తరచూ వినిపిస్తుంది. రైలెక్కే ముందు అతడు తన రాతప్రతులను శిబిర గ్రంథాలయం చూసే ఎమిల్ ఉటిట్జ్‌కు అప్పగించాడు. బతికి బయటపడ్డ రచయిత హెచ్.జి. ఆడ్లర్ వాటిని లండన్ చేర్చాడు. హాస్ కృతి భాగాలను యుద్ధం ముగిశాక అంచెర్ల్ వెతికి పట్టాడు. దొరకని డబుల్ బాస్ భాగాన్ని తర్వాత తిరిగి రాయవలసి వచ్చింది. క్లైన్ సంగీతాన్ని అతని అక్క ఎలిష్కా కాపాడింది. ఇలా ఒక్కొక్క ప్రతి వెనుకా దాన్ని పదిలంగా దాచిన చేయి ఒకటి ఉంది.

అయినా మూడు దశాబ్దాలకు పైగా ఈ సంగీతం వేదికల మీద అరుదుగానే వినిపించింది. చెక్ మూలాలున్న అమెరికన్ సంగీతజ్ఞుడు యోజా కరాస్ 1970ల నుంచి రాతప్రతులు వెతికి, బతికున్నవారిని కలిసి, 1985లో టెరెజీన్ సంగీత చరిత్రను పుస్తకంగా తెచ్చాడు. 1991లో బోస్టన్‌లో మార్క్ లుడ్విగ్ టెరెజీన్ సంగీత సంస్థను నెలకొల్పాడు. ఆ దశాబ్దం నుంచే స్మారక కచేరీలు యూరప్, అమెరికా నగరాల్లో ఏటేటా జరిగే ఆనవాయితీగా మారాయి.

శిబిరాల వెలుపలి కృతులు

సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ 1944 నాటి రెండవ పియానో త్రయం చివరి భాగంలో యూదుల నాట్యపు బాణీ ఉంది. 1960లో డ్రెస్డెన్ సమీపాన మూడు రోజుల్లో రాసిన ఎనిమిదవ చతుష్టయాన్ని ఆయన ఫాసిజానికి, యుద్ధానికి బలైనవారికి అంకితమిచ్చాడు. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ 1988లో క్రోనోస్ చతుష్టయ బృందం కోసం రాసిన కృతిలో ప్రాణాలతో మిగిలినవారి మాటల రికార్డులు కూడా ఉన్నాయి. వారి పలుకు ఎత్తుపల్లాలను తీగ వాద్యాలు అనుసరిస్తాయి. రైక్ చిన్నతనంలో తల్లి ఒకచోట, తండ్రి ఒకచోట ఉండడంతో న్యూయార్క్, లాస్ ఏంజిలెస్ మధ్య రైళ్లలో తిరిగాడు. అదే సమయంలో యూరప్‌లో ఉండి ఉంటే యూదు బిడ్డగా తాను ఎక్కే రైళ్లు వేరన్న తలపే ఆ కృతికి మూలం.

1941 జనవరి 15న గోర్లిట్జ్ యుద్ధ ఖైదీల శిబిరంలో మొదటిసారి వాయించిన, ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియాన్ చతుష్టయానిది వేరే సంగతి. మెస్సియాన్ కాథలిక్, అది యూదుల వధ కోసం కట్టిన శిబిరమూ కాదు. ఈ తేడా చెప్పకుండా ఆ కృతిని స్మారక సభల్లో కలిపేయడం సరికాదు. అయితే ఆనాటి క్లారినెట్ వాదకుడు ఆన్రీ అకోకా యూదుడు. కొన్ని నెలల తర్వాత క్లారినెట్‌ను చంకలో పెట్టుకుని కదిలే రైల్లోంచి దూకి తప్పించుకున్నాడు. తెలుగువారు గమనించవలసిన విశేషం మరొకటి: మొదటి భాగంలో పియానో నడక రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ అనే దేశీ తాళాలతో కూడింది. ఇవి 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరంలోనివి. ఆ గ్రంథానికి రాచకొండ నేలిన రేచెర్ల సింగభూపాలుడు సంగీతసుధాకరం పేరిట వ్యాఖ్య రాశాడు.

భారతదేశంతో అనుబంధం

రేడియో విన్న పెద్దలకు తెల్లవారగానే మోగే ఆకాశవాణి బాణీ కొట్టిన పిండి. శివరంజని రాగచ్ఛాయలో ఉన్న ఆ బాణీని కట్టిన వాల్టర్ కాఫ్‌మన్ (1907–1984) కార్ల్స్‌బాడ్‌లో పుట్టిన యూదుడు. నాజీల పాలన మొదలైన మరుసటి ఏడు, 1934లో బొంబాయి చేరి అక్కడ ఛాంబర్ సంగీత సంఘం స్థాపించాడు. పార్సీ వయొలిన్ విద్వాంసుడు మెహ్లీ మెహతా అందులో తోడయ్యాడు. 1937 నుంచి 1946 దాకా కాఫ్‌మన్ ఆలిండియా రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. తర్వాత అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో బోధిస్తూ దక్షిణ భారత రాగాల మీద 1976లో పెద్ద గ్రంథం వెలువరించాడు. అతని చతుష్టయాలు మాత్రం మరుగున పడిపోయాయి. ప్రవాస స్వరకర్తల కృతులను వెలికితీసే టొరంటో ఏఆర్‌సీ బృందం 2020లో 7, 11 చతుష్టయాలతో సహా అతని ఛాంబర్ కృతులను రికార్డు చేసింది. రాతప్రతులు ఇండియానా విశ్వవిద్యాలయ సంగీత గ్రంథాలయంలో ఉన్నాయి.