పిల్లవాడి మాట వినే మనిషి



మొన్న తాడేపల్లిగూడెం నుంచి మా పిన్నిగారు గణపవరం వచ్చారు. మాటల మధ్య, "పిల్లలు చదివేచోట ఒక కౌన్సిలరు ఉండాలిట పిన్నీ" అన్నాను. "వార్డుకి నిలబడే మనిషికి బళ్ళో ఏం పనే?" అన్నారావిడ. నవ్వొచ్చింది గాని, ఆవిడ తప్పేం లేదు. మనకి కౌన్సిలరంటే మునిసిపాలిటీ మనిషి. కౌన్సెలింగంటే ఎంసెట్టు రోజుల నుంచీ ర్యాంకుల ప్రకారం సీట్లు పంచే తతంగం. పిల్లవాడి పక్కన కూర్చుని వాడి కష్టం వినే మనిషికి మన వాడుకలో పేరే లేదు. పేరు లేదు గాని, ఆ పని చేసినవాళ్ళు వెనకటికి లేకపోలేదు. ఆ కథే ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

వారాలు చేసుకుని చదువుకోవడం గురించి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. హైస్కూలు ఏ పట్నంలోనో ఉండేది. పల్లెటూరి బీద కుర్రవాడు మూట కట్టుకుని, కాలవ పడవెక్కి ఆ ఊరు చేరేవాడు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో. ఏడు రోజులకీ ఏడిళ్ళు. కడుపు నింపడం ఒక్కటే కాదు అందులో ఉన్నది. వడ్డించే ఇల్లాలు విస్తరి ముందు కూర్చున్న పిల్లవాణ్ణి చూసేది గదా! "ఏరా అబ్బాయ్, ఇవాళ రెండో మారు అన్నం పెట్టించుకోలేదేం? ఒంట్లో బాగాలేదా? ఇంటి దగ్గర్నుంచి ఉత్తరం రాలేదా?" అని అడిగేది. ఆ తల్లికి చదువు వచ్చో రాదో! మనిషి మొహం చదవడం మాత్రం వచ్చు.

అయితే దాచకుండా ఇంకో మాట చెప్పుకోవాలి. ఆ విస్తరి మనవాళ్ళు అందరికీ వేయలేదు. కులం పేరుతో దూరంగా నిలబెట్టిన పిల్లలకి వారమిచ్చే ఇల్లు లేదు. ఆడపిల్లయితే పొరుగూరు వెళ్ళి చదవడమన్న మాటే అరుదు. ఆ లోటు తెలిసి చేయందించిన పెద్దల్లో మొదట తలుచుకోవలసినవారు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఆడపిల్లల్ని కాలేజీలో చేర్చుకున్నారు. దళితుల పిల్లల్ని, అనాథల్ని చేరదీశారు. తన సంపాదనలోంచి బీద విద్యార్థులకు సాయం చేశారు. పాఠం చెప్పడంతో తన పని అయిపోయిందనుకోలేదు.

మా ప్రాంతానికి వస్తే, పెదనిండ్రకొలనులో ఉండిన చింతలపాటి మూర్తిరాజుగారి మాట చెప్పుకోకుండా ఉండలేం. గాంధేయవాది, సర్వోదయ నాయకులు. తండ్రి బాపిరాజుగారి పేరిట ధర్మసంస్థ పెట్టి, తన ఆస్తి ధారపోసి, పశ్చిమ గోదావరిలో పదుల సంఖ్యలో హైస్కూళ్ళూ కాలేజీలూ నెలకొల్పారు. దగ్గర్లో హైస్కూలంటే ఏమిటో తల్లులకు తెలుసు. సాయంత్రానికి పిల్లవాడు ఇల్లు చేరతాడు. పుస్తకాల సంచీ విసిరికొట్టిన తీరు చూసి, ఆ రోజు బళ్ళో ఏం జరిగిందో తల్లి పోల్చుకుంటుంది.

ఇది ఇలా ఉండగా, దూరదేశాల్లో ఈ పని ఒక ఉద్యోగంగా తయారయింది. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే పేటలో, కుర్రవాళ్ళకు ఏ పని నప్పుతుందో కూర్చోబెట్టి మాట్లాడి తేల్చడానికి ఒక కార్యాలయం తెరిచారు. తరవాత 1942లో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త పుస్తకం రాసి, సలహాలు గుప్పించడం కంటే ఎదుటి మనిషి చెప్పేది ఓపికగా వినడమే ముఖ్యమన్నారు. మన వారాలిచ్చిన ఇల్లాళ్ళు వింటే "ఇది మాకు తెలియదూ!" అనేవారేమో.

మన ప్రభుత్వం వారికీ ఈ సంగతి తెలియకపోలేదు. మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరు లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన 1952లో వేసిన కమీషను, హైస్కూళ్ళలో పిల్లలకు దారి చూపే అధికారులు ఉండాలని మరుసటి ఏడు నివేదికలో చెప్పింది. 1954లో ఢిల్లీలో అందుకోసం ఒక కేంద్ర సంస్థ కూడా పెట్టారు. 1966లో కొఠారీ కమీషను, కనీసం పది స్కూళ్ళకు ఒక కౌన్సెలరైనా వంతులవారీగా తిరగాలన్నది. పది బళ్ళకు ఒక్క మనిషి! అదయినా మన ఊళ్ళల్లో ఎందరు చూశారు?

కాగితం మీద ఆ కుర్చీ అలా ఖాళీగా ఉండగానే, పిల్లల చదువు తీరే మారిపోయింది. 1969లో రెండేళ్ళ ఇంటర్మీడియెట్ వచ్చింది. 1986లో ఎంసెట్టు మొదలైంది. ర్యాంకు కోసం విజయవాడ, గుంటూరు, హైదరాబాదు హాస్టళ్ళకు పిల్లల్ని పంపడం మొదలెట్టాం. పదిహేనేళ్ళు నిండీ నిండకుండానే ఇల్లు వదలాలి. తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా చదువు, వారం వారం పరీక్ష, గోడ మీద మార్కుల జాబితా. అన్నం పెట్టేవాడు వేరు, పాఠం చెప్పేవాడు వేరు, తలుపులు వేసే వార్డెను వేరు. ఇంతమందిలో వాడి మొహం చూసేవాళ్ళెవరు? ఇల్లాలి చూపు పోయింది, దాని చోట్లోకి ఇంకెవరూ రాలేదు.

మా అబ్బాయిని చేర్చేటప్పుడు ఒక కాలేజీలో అడిగాను, "పిల్లవాడికి బెంగ వస్తే ఎవరితో చెప్పుకుంటాడండీ?" అని. "బెంగెందుకండీ, ఏసీ రూములు కదా!" అన్నాడు ఆఫీసులో మనిషి. తప్పంతా అవతలివాళ్ళదే అనను. ఆదివారం చూడబోయినప్పుడు, తెచ్చిన జంతికల డబ్బా చేతికిచ్చి నేనడిగిన మొదటి మాట, "ఈ వారం ఎన్నొచ్చాయిరా?" అని. వాడు తల దించుకున్నాడు. ఆ తల దించడం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

2023లో విశాఖపట్నంలో నీట్ పరీక్షకు చదువుతున్న ఒక పదిహేడేళ్ళ అమ్మాయి ప్రాణం పోయింది. ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 జులై 25న వచ్చిన ఆ తీర్పు దేశానికంతకీ వర్తిస్తుంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలరో, మనస్తత్వ నిపుణులో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. 14416 అనే సహాయ ఫోను నంబరు క్లాసుల్లోనూ హాస్టళ్ళలోనూ కనబడేట్టు రాసిపెట్టాలి. 1953లో కమీషను రాసినదానికి కోర్టు గట్టి మాట తోడవడానికి డెబ్భై రెండేళ్ళు పట్టింది.

ఇంతకీ ఈ కౌన్సెలరు చేసేదేమిటి? పిచ్చికి మందిచ్చే డాక్టరు కాదు, బెత్తం పట్టే మాస్టరూ కాదు. పిల్లవాడు చెప్పింది ఊరంతా చాటకుండా కడుపులో పెట్టుకుంటారు. ప్రాణానికి ముప్పు కనబడితే మాత్రం పెద్దవాళ్ళకు చెప్పి తీరతారు. లెక్కలు తలకెక్కనివాడికి వేరే దారులున్నాయని చూపిస్తారు. అవసరమైతే డాక్టరు దగ్గరకు పంపుతారు. తల్లిదండ్రులనీ కూర్చోబెట్టి మాట్లాడతారు. కౌన్సెలరు దగ్గరకు వెళ్ళినంత మాత్రాన మన పిల్లకి ఏదో లోపమున్నట్టు కాదు. జ్వరమొస్తే చెయ్యి చూపించుకోమూ?

తీర్పు వచ్చినా, మనం అడగనిదే ఆ కుర్చీలో మనిషి కూర్చోరు. ఈసారి పిల్లల్ని చేర్చడానికి వెళ్ళినప్పుడు ఫీజూ మెస్సూ అడిగినట్టే ఇదీ అడగండి. కౌన్సెలరు ఎవరు? ఏ గదిలో ఉంటారు? ఎవరి అనుమతీ లేకుండా పిల్ల వెళ్ళి తలుపు తట్టవచ్చా? జవాబు నసిగితే రెండోసారి గట్టిగా అడగండి. మీ వెనక నిలబడ్డ తల్లి కూడా వింటుంది, ఆవిడా అడుగుతుంది.

ఇక ఆదివారం వెళ్ళినప్పుడు మార్కుల మాట కాసేపు పక్కనపెట్టి, "అన్నం తింటున్నావా, నిద్ర పడుతోందా, ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అడగండి. అడిగి ఊరుకోండి. వాడు చెప్పేదాకా ఆగండి. ముక్కూ మొహం తెలియని వారాలబ్బాయిని మన ముత్తవ్వలు అడిగిన మాటే అది. మన కన్నబిడ్డను మనం అడగలేమూ?

సెలవు.