కంపెనీలు వద్దన్న డ్రైవర్లు

అమెరికాలో కారు బీమా చట్టాలు రెండు దారుల్లో మొదలయ్యాయి. 1925లో కనెక్టికట్ చేసిన చట్టం ప్రమాదం జరిగేదాకా ఎవరినీ ఏమీ అడగదు. జరిగాక మాత్రం, ఇకమీదట పరిహారం కట్టుకునే స్తోమత ఉందని ఆ డ్రైవరు రుజువు చూపాలి. పొరుగునున్న మసాచుసెట్స్ మరో అడుగు వేసి, 1927 జనవరి నుంచి బీమా లేని కారుకు రిజిస్ట్రేషనే లేదంది. కనీస రక్షణ మనిషికి 5,000 డాలర్లు, మొత్తం ప్రమాదానికి 10,000. మిగతా రాష్ట్రాలకు కనెక్టికట్ దారే నచ్చింది. మసాచుసెట్స్ తరవాత బీమాను అందరికీ తప్పనిసరి చేసిన రాష్ట్రం న్యూయార్క్. అదీ 30 ఏళ్లకు.

ఏ దారిలో వెళ్లినా చిక్కు ఒకటే. పాలసీ చూపమనేది ప్రభుత్వం, అమ్మేది ప్రైవేటు కంపెనీ. తాగి నడిపి పట్టుబడినవాణ్ని, మాటిమాటికీ ఎవరినో గుద్దేవాణ్ని కంపెనీ గడప తొక్కనివ్వదు. వాళ్లు రోడ్డు మీదికి రాకుండా పోతారా అంటే పోరు. బీమా లేకుండానే నడుపుతారు. అప్పుడు దెబ్బ తిన్నవాడికి పైసా రాదు.

ఈ చిక్కుకు మొదట మందు వేసింది న్యూహాంప్‌షైర్. 1938లో అక్కడ మొదలైన ‘అసైన్డ్ రిస్క్’ ఏర్పాటు అచ్చంగా వంతుల పద్ధతి. ఎవరూ తీసుకోని దరఖాస్తులన్నీ ఒకచోట చేరతాయి. రాష్ట్రంలో ఏ కంపెనీకి ఎంత వ్యాపారం ఉందో ఆ నిష్పత్తిలోనే డ్రైవర్లను పంచుతారు. వంతుకు వచ్చినవాణ్ని కాదనడానికి వీల్లేదు. ఇష్టంలేని ఖాతాదారుణ్ని నెత్తిన రుద్దడం అన్యాయమంటూ కాలిఫోర్నియాలో ఒక బీమా సంస్థ సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1951లో కోర్టు రాష్ట్రం పక్షమే నిలిచింది. నార్త్ కరొలైనా 1973లో ఇంకో ఉపాయం పట్టింది: పాలసీ కంపెనీయే రాయాలి, కానీ నష్టభారాన్ని అన్ని కంపెనీల ఉమ్మడి నిధికి బదిలీ చేసుకోవచ్చు.

మిగిలినవాళ్లకు బరువనిపించిన ఈ జనంలో క్లీవ్‌లాండ్‌కు చెందిన ప్రోగ్రెసివ్ బేరం చూసింది. 1937లో పుట్టిన ఈ కంపెనీ 1956లో రిస్కు ఎక్కువున్న డ్రైవర్ల కోసమే వేరుగా ఒక సంస్థ పెట్టింది. తిరస్కరించడం కన్నా, ఎవడు ఎంత ప్రమాదకరమో లెక్కగట్టి దానికి తగ్గ ధర వేయడం మేలన్నది దాని సూత్రం. నేడు అమెరికాలోని అతిపెద్ద కారు బీమా కంపెనీల్లో అదొకటి. వద్దన్నవాళ్లు ఎంత మార్కెట్టును వదులుకున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక లైసెన్సు పోగొట్టుకున్న ఇలాంటి డ్రైవర్లను అడిగే ‘ఎస్‌ఆర్-22’. చాలామంది దీన్ని ఒకరకం బీమా అనుకుంటారు. నిజానికి ఇది ఒక కాగితం మాత్రమే. ఫలానా డ్రైవరుకు కనీస బీమా ఉందని కంపెనీ రాష్ట్ర రవాణా శాఖకు రాసిచ్చే హామీ. సాధారణంగా మూడేళ్లపాటు ఉండాలి. కారు అమ్మేసుకున్నవాడు కూడా లైసెన్సు తిరిగి కావాలంటే సొంత కారు లేనివారి పాలసీ కొని మరీ దాఖలు చేయాలి. ఒక వాయిదా కట్టడం మరిచి పాలసీ రద్దయితే కంపెనీయే శాఖకు కబురు పంపుతుంది, లైసెన్సు మళ్లీ ఆగిపోతుంది. ఫ్లోరిడాలో తాగి నడిపినవారికి 2007 నుంచి ఇంతకన్నా కఠినమైన ‘ఎఫ్‌ఆర్-44’ ఉంది. దాని కింద మనిషికి లక్ష డాలర్లు, ప్రమాదానికి 3 లక్షల రక్షణ కొనాలి. వంతుల పద్ధతికి పుట్టిల్లయిన న్యూహాంప్‌షైర్‌లో మామూలు డ్రైవరుకు ఈనాటికీ బీమా తప్పనిసరి కాదు. తాగి నడిపి శిక్షపడినవాడికి మాత్రం ఎస్‌ఆర్-22 తప్పదు.

భారతదేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తెచ్చింది; అది అమలయింది 1946లో. ఇక్కడ ప్రీమియం బండిని చూస్తుంది గానీ నడిపేవాణ్ని చూడదు. అందుకే కంపెనీలు తప్పించుకు తిరిగింది తాగుబోతుల నుంచి కాదు, లారీల నుంచి. వాణిజ్య వాహనాల నష్టాన్ని కంపెనీలన్నీ పంచుకునే ఉమ్మడి పూల్ 2007లో ఏర్పడింది. 2012లో దాని స్థానంలో ‘డిక్లైన్డ్ రిస్క్ పూల్’ వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ నియమించిన కార్యవర్గం 2021 జనవరిలో ‘ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం’ ప్రతిపాదించింది. దాని లెక్కలో తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పుడు పార్కింగుకు 10. అయితే అందులోనూ కట్టాల్సింది తప్పు చేసిన డ్రైవరు కాదు, బండి ఎవరి పేరున ఉందో వాళ్లు.