విక్టోరియా కాలపు స్టూడియో ఫొటోల్లో స్త్రీల దుస్తులు

విక్టోరియా రాణి పాలనలో (1837–1901) బ్రిటన్ స్టూడియోల్లో తీసిన ఫొటోలు ఆనాటి స్త్రీల దుస్తుల చరిత్రకు విలువైన ఆధారాలు. 1854లో పారిస్‌లో ఫొటోగ్రాఫర్ దిస్దెరి పేటెంట్ పొందిన 'కార్త్ ద విజీత్' అనే చిన్న అట్ట ఫొటో, మధ్యతరగతికీ స్టూడియో గడప తొక్కే అవకాశమిచ్చింది. 1860లో ఫొటోగ్రాఫర్ మేయాల్ రాజకుటుంబపు ఫొటోల ఆల్బమ్ వెలువరించాక బ్రిటన్‌లో ఈ అట్ట ఫొటోలకు గిరాకీ పెరిగింది.

దుస్తుల తీరును బట్టి ఫొటో కాలాన్ని అంచనా వేయవచ్చు. 1860 ప్రాంతపు ఫొటోల్లో ఉక్కు చట్రాల క్రినోలిన్ మీద గంట ఆకారంలో పరచుకున్న లంగా, నడుమ పాపిట తీసి చెవుల మీదుగా నున్నగా దువ్విన జుట్టు కనిపిస్తాయి. 1870లలో లంగా నిండుదనం వెనక్కి మళ్లి, బసిల్ అనే ఆధారంపై ఎత్తుగా నిలిచింది. 1895 నాటికి భుజాల దగ్గర బుట్టలా ఉబ్బి, ముంజేతిపై బిగుతుగా ఉండే గౌను చేతులు వచ్చాయి.

ఈ ఫొటోల్లో మెరుపులేని నల్ల క్రేప్ బట్ట గౌను, జెట్ అనే నల్లని రాతి నగలు శోకసూచకాలు. 1861లో భర్త ఆల్బర్ట్ మరణించాక రాణి జీవితాంతం శోకవస్త్రాలే ధరించారు. అయితే ఫొటోలో నల్లగా కనిపించే ప్రతి గౌనూ శోకవస్త్రం కాదు. ఎందుకంటే, కొలోడియన్ అనే రసాయనం పూసిన నాటి పలకలతో తీసిన ఫొటోల్లో నీలం తెల్లబారి, ఎరుపు, పసుపు రంగులు నల్లగా పడేవి.