తూటాల పునర్నింపు

పేలిన తూటా యొక్క ఇత్తడి గుల్లలో కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి మరల ఉపయోగించడాన్ని తూటాల పునర్నింపు అంటారు. అమెరికాలో పిస్తోలు, రైఫిలు క్రీడాకారులు పలువురు ఖర్చు తగ్గుతుందని దీనిని ఇంటివద్దే చేసుకొంటారు. (భారతదేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఇది నేరం.)

ప్రోగ్రెసివ్ ప్రెస్సులో తిరిగే పళ్ళెంపై పలు గుల్లలు వేర్వేరు దశలలో ఉంటాయి. పిడిని లాగిన ప్రతిసారీ ఒక తూటా పూర్తవుతుంది. ప్రమాదం ఈ వేగంలోనే ఉన్నది. డిల్లాన్ ఆర్.ఎల్.550 వంటి యంత్రాలలో పళ్ళేన్ని చేతితో తిప్పాలి. అది మరచి మరల పిడి లాగితే అదే గుల్లలో మందు రెండింతలు పడి, పేల్చినపుడు తుపాకీ పగలవచ్చు. పిస్తోలు గుల్లలో మందు తరచుగా సగం కూడా నిండదు కనుక రెండింతలు పడినా పొంగిపోదు. అసలు పడకపోతే ప్రైమరు బలానికే గుండు కదలి గొట్టంలో ఇరుక్కుంటుంది. తరువాతి తూటా గొట్టాన్నే చీల్చవచ్చు. అందువలన గుండు పెట్టేముందు ప్రతి గుల్లలోకీ తొంగిచూస్తారు.