పేరొకటే, యాసలు రెండు

సి.పి. బ్రౌన్ 1820లో కొలువు మీద కడపకి వచ్చి, అక్కడ తెలుగు మీద పట్టు పెంచుకున్నాడు. 1852లో పెద్ద నిఘంటువు తెచ్చాడు. అది చాలదనుకున్నాడేమో, 1854లో మిశ్రభాషా నిఘంటువు ఒకటి వేరుగా అచ్చు వేశాడు. కచేరీల్లో నలిగే పారసీ, హిందుస్తానీ మాటల్ని తప్పులని తోసెయ్యలేదు, కావ్యభాషలో కలిపెయ్యనూ లేదు. ఏ మాట ఏ తెలుగుదో చెప్పిపెట్టాడు.

లైనక్స్ లోకంలో ఈ పని జరగనందువల్ల పుట్టిన గొడవ ఒకటుంది.

మనం టైప్ చేసిన ఆజ్ఞల్ని చదివి పని చేయించేది షెల్. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ వచ్చింది. దాని పేరు ‘ఎస్‌హెచ్’. పదేళ్లకి, 1989లో, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కోసం బ్రయాన్ ఫాక్స్ ‘బాష్’ రాశాడు. బోర్న్ భాష అంతా దానికి వచ్చు, పైన సొంత సొగసులు చాలా ఉన్నాయి. లైనక్స్ వచ్చాక చాలా పంపిణీల్లో ‘ఎస్‌హెచ్’ అని పిలిస్తే పలికింది ఈ బాషే. ఆ పేరుతో పిలిచినప్పుడు అది కొంత ప్రామాణికంగా నడుచుకుంటుంది గానీ, తన యాసలో రాసినవాటిని చాలావరకు ఒప్పుకుంటుంది. అందుకే ప్రోగ్రామర్లు మొదటి వరుసలో ఎస్‌హెచ్ అని పెట్టి, లోపలంతా బాష్ యాసలో రాసేశారు. ఏళ్లపాటు ఎవరికీ తేడా తెలీలేదు.

2006 అక్టోబరులో ఉబుంటు 6.10 ఆ పేరుని ‘డాష్’కి ఇచ్చింది. ఇది చిన్నది, చకచకా మొదలవుతుంది. మెషిన్ బూట్ అయ్యేటప్పుడు వందల స్క్రిప్టులు నడుస్తాయి కాబట్టి ఆ వేగం అక్కరకొస్తుంది. 2011లో డెబియన్ 6.0 కూడా అదే దారి పట్టింది. డాష్‌కి ప్రామాణిక భాష తప్ప బాష్ యాస తెలీదు. జోడు చదరపు బ్రాకెట్లు, అర్రేలు, ‘సోర్స్’ అనే ఆజ్ఞ, ఏవీ అర్థం కావు. బిల్డ్‌లు టపటపా ఆగిపోయాయి.

ఆగిపోతే నయమే. ‘ఎకో’కి ‘మైనస్ ఈ’ తగిలించి ఒక ఫైల్ తయారుచేయిస్తే, డాష్ ఆ ‘మైనస్ ఈ’ని కూడా అక్షరాలా ఫైల్‌లో రాసిపెడుతుంది. తప్పు ఒకచోట, బిల్డ్ విరిగేది ఇంకోచోట.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో గానీ కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎంలో గానీ కొత్తగా చేరిన పిల్లకి ఇది ఎదురైతే ఏమనుకుంటుంది? టెర్మినల్‌లో టైప్ చేస్తే నడిచిన ఆజ్ఞ ‘మేక్’లో నడవదు. తనకే రాదనుకుంటుంది. నిజానికి టెర్మినల్‌లో ఉన్నది బాష్. మేక్ మాత్రం, మన లాగిన్ షెల్ ఏదైనా సరే, వేరే చెప్పకపోతే ఎస్‌హెచ్‌నే పిలుస్తుంది.

మందు చిన్నదే. స్క్రిప్ట్ బాష్‌లో రాసుంటే మొదటి వరుసలో బాష్ అనే రాయాలి. ‘ఎస్‌హెచ్’ అని ముందు పెట్టి నడిపితే ఆ వరుసని ఎవరూ పట్టించుకోరు, అదీ గుర్తుంచుకోవాలి. మేక్‌ఫైల్‌లో షెల్ అనే చరరాశికి బాష్ దారి ఇవ్వాలి. అన్నిచోట్లా నడవాలంటే సోర్స్ బదులు చుక్క, ఎకో బదులు ప్రింట్‌ఎఫ్ వాడాలి. యాస ఎక్కడ దొర్లిందో ‘చెక్‌బాషిజమ్స్’ చూపిస్తుంది. సిస్టమ్ మొత్తంలో ఎస్‌హెచ్‌ని తిరిగి బాష్‌కి మళ్లించడం అప్పటికి గండం గట్టెక్కిస్తుంది, కానీ మన మెషిన్‌లో దాగిన తప్పు ఇంకొకరి మెషిన్‌లో బయటపడుతుంది. పైగా 2014లో బాష్‌లో ‘షెల్‌షాక్’ లోపం బయటపడినప్పుడు, ఎస్‌హెచ్ అంటే డాష్ అయిన మెషిన్లకి ముప్పు కొంత తగ్గింది.

‘వస్తాండాడు’ అనే కడప మాటని తప్పంటే మనకి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. బాష్ యాసా తప్పు కాదు. ఏ యాసలో రాశామో మొదటి వరుసలో చెప్పకపోవడమే తప్పు.