ఇంజను పొగలోని సేంద్రియామ్లముల మాపనము

ఇంధనము సంపూర్ణముగ దహింపనపుడు ఇంజను పొగలో జనించు ఫార్మిక్, ఎసిటిక్ మున్నగు సేంద్రియామ్లముల పరిమాణమును నిర్ణయించు విశ్లేషణ విధానము. ఈ ఆమ్లములు నీటియందు మిక్కిలి సులభముగ కరగునవి గనుక, పొగ చల్లబడి నమూనా తీయు గొట్టపు లోపలి గోడకు చెమ్మ పట్టినచో, అందులో చిక్కుకొని మాపన సాధనమును చేరకయే పోవును. కావున గొట్టమును వేడిగ నుంచుట తప్పనిసరి, ఈ పరీక్షలో కష్టమంతయు ఇచ్చటనే గలదనవచ్చును.

1985లో కవమూర ప్రభృతి పరిశోధకులు పొటాసియం హైడ్రాక్సైడు పట్టించిన క్వార్ట్జ్ వడపోత పొరపై ఆమ్లములను లవణములుగ బంధించి, పిమ్మట ఎస్టరులుగ మార్చి, గ్యాస్ క్రొమటోగ్రఫీచే వేరుపరచి, మోటారు పొగలో ఫార్మికామ్లముకంటె ఎసిటికామ్లమే అధికమని కనుగొనిరి. అయాన్ క్రొమటోగ్రఫీయు, ఫార్మికామ్లమును సుమారు 1105 సెం.మీ⁻¹ వద్ద గుర్తించు పరారుణ వర్ణపట విశ్లేషణమును నేడు వాడుకలోనున్నవి.