కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది? – కందిలి నాటి నుండి నేటి దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు ఇందూరు ఖిల్లా గురించో, బోధన్ పాత కట్టడాల గురించో వ్రాద్దామనుకున్నాను. వాటిని గురించి నాకంటె బాగా తెలిసినవారు మనలోనే ఉన్నారు. అందుచేత ప్రతి నెలా మన గడప తొక్కి, మన పింఛనులో వాటా అడిగే ఒక చిన్న కాగితం చరిత్రను ఎంచుకున్నాను. అదే కరెంటు బిల్లు.

దీనికి కారణం మా ఇంట్లో జరిగిన సంగతి. మా ఇల్లు బోధన్‌లో. క్రింద మేమిద్దరం ఉంటాము. మీద గదీ వంటిల్లూ కిరాయికి ఇచ్చాము. అతను రైసుమిల్లులో పనిచేస్తాడు, ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఇల్లంతటికీ ఒకటే సర్వీసు. మీదివాళ్ళ వాడకం తెలియడానికి విడిగా ఒక చిన్న మీటరు పెట్టించాము. మొత్తం ఇంటికి నెలకు 180 యూనిట్లకు అటూ ఇటూ వచ్చేది. 2023 నవంబరులో 312 యూనిట్లు వచ్చింది. ఎండాకాలం కాదు, కూలరు నడవదు, పండుగకు పిల్లలు వచ్చి వెళ్ళి కూడా చాలా రోజులైంది.

మా ఇంటావిడ వెంటనే, “మీద పొద్దస్తమానం ఇస్త్రీపెట్టె నడుస్తనే ఉన్నది, మీరేమో నోరు తెరవరు” అన్నది. నాకూ అదే నిజమనిపించింది. అదనపు డబ్బు ఇస్తారా, ఇల్లు ఖాళీ చేస్తారా అని అడుగుదామని మీదికి వెళ్ళాను. ఆ అమ్మాయి తగాదా పడలేదు. మిషను సొరుగులోనుండి ఒక బడిపిల్లల నోటుబుక్కు తీసి, “సారూ, నేను నెలనెలా రాసుకుంటున్న, చూడండి” అన్నది. నెలకు 42, 40, 43, 41. నవంబరులోనూ అంతే. చిన్న మీటరు దగ్గరకు పోయి అంకె సరిచూశాను. ఆమె వ్రాసినదే సరి. నేను మాట్లాడకుండా మెట్లు దిగాను. ముప్పై ఏండ్లకు పైగా ఆఫీసులో రిజిస్టర్లు వ్రాసిన నేను, నా ఇంటి మీటరు అంకె ఒక్కనాడూ వ్రాసుకోలేదు.

బిల్లు అనేది రెండు సంగతుల కూడిక. ఒకటి కొలత, రెండవది ఆ కొలతకు కట్టే ధర. ఈ రెండూ మన ప్రాంతానికి ఎట్లా వచ్చాయో చూద్దాం.

మన పెద్దల కాలంలో కందిలిలో పోసే గాసునూనెకు సీసానే కొలత. ఎంత కాలిందో కంటికి కనిపించేది. కరెంటు కంటికి కనపడదు. 1880లలో అమెరికాలో ఎడిసన్ కంపెనీ వాడిన మీటరులో జింకు పలకలు ఉండేవి. మనిషి వచ్చి వాటిని తీసుకుపోయి తూకం వేసి, పలక బరువులో వచ్చిన మార్పును బట్టి బిల్లు వేసేవారు. వాడుకున్నవాడు తన ఇంట్లో సరిచూసుకునే వీలు లేదు. 1889లో బుడాపెస్టు నగరంలో గాంజ్ కంపెనీకి చెందిన ఓటో బ్లాతీ తిరిగే పళ్ళెం మీటరుకు పేటెంటు పొందాడు. మన గోడల మీద దశాబ్దాల పాటు తిరిగిన అల్యూమినియం పళ్ళెం ఆ వంశానిదే. దానితో అంకెలు సామాన్యుడి కంటి ముందుకు వచ్చాయి. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. ఇప్పటికీ అదే లెక్క.

మన జిల్లాలో కరెంటుకూ చక్కెరకూ నీరే మూలం. మంజీర మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. ఆ నీటితో బోధన్ చుట్టుపట్ల చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి శక్కర్ నగర్ వెలసింది. చెరకు పిప్పిని బాయిలర్లలో కాల్చి, ఆవిరితో యంత్రాలు నడిపించుకోవడం చక్కెర ఫ్యాక్టరీల పద్ధతి. 1950లలో నిజాంసాగర్ ఆనకట్ట దిగువన జలవిద్యుత్ కేంద్రం కూడా వచ్చింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ సైరను విని గడియారం సరిచేసుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు.

ఇక ధర సంగతి. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1980లలో చెరకు, వరి పొలాల మోటార్లకు మీటరుతో పని లేకుండా హార్స్‌పవర్ లెక్కన కట్టే పద్ధతి నడిచింది. 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. పొలంలో మీటరు మరచిపోయిన మనకు ఇంట్లోనూ మీటరు చూసే అలవాటు తప్పింది. 1999 ఫిబ్రవరిలో బోర్డు రెండు సంస్థలుగా విడిపోయింది. 2000 ఏప్రిల్‌లో పంపిణీ కోసం నాలుగు కంపెనీలు ఏర్పడి, మన జిల్లా వరంగల్లు కేంద్రంగా ఉన్న ఉత్తర మండలంలోకి వచ్చింది. అదే సంవత్సరం రేట్లు పెరిగి రాష్ట్రమంతటా ఆందోళన లేచింది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులలో ముగ్గురు మరణించారు. కరెంటు బిల్లు సామాన్యుడి బ్రతుకులో ఎంత బరువైన కాగితమో ఆనాడు అందరికీ తెలిసింది.

ఇరవై ఏండ్ల తరువాత బిల్లు మరొక విధంగా అందరినీ కలవరపెట్టింది. 2020లో కరోనా లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్, మే నెలలలో రీడింగు తీసేవారు ఇళ్ళకు రాలేదు. అంతకు ముందటి సంవత్సరం వాడకాన్ని బట్టి తాత్కాలిక బిల్లులు వేశారు. జూన్‌లో మీటర్లు చూసి మూడు నెలల వాడకాన్ని సర్దేసరికి చాలామంది చేతికి పెద్ద బిల్లులు వచ్చాయి. రేటు మారలేదు. అందరూ ఇంట్లోనే ఉండి ఎండాకాలమంతా పంకాలు, కూలర్లు నడిపారు. దానికి తోడు పాత అంచనాకూ అసలు వాడకానికీ ఉన్న తేడా అంతా ఒక్కసారే వచ్చి పడింది. చివరకు వాయిదాలలో కట్టే వెసులుబాటు ఇచ్చారు. తన మీటరు అంకె మార్చి నుండి వ్రాసిపెట్టుకున్నవాడు మాత్రం ఏ నెలలో ఎంత వాడాడో కాగితం మీద చూపగలిగాడు.

ఇప్పుడు మా ఇంటి లెక్కకు వస్తాను. 2022 ఏప్రిల్ 1 నుండి వచ్చిన రేట్ల ప్రకారం, నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపైతే మొదటి 100కు యూనిట్‌కు 3.40 రూపాయలు, తరువాతి 100కు 4.80. నెలకు 200 దాటితే మొదటి 200కూ కలిపి 5.10, ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు. ఇతర చార్జీలు కలపకుండా 200 యూనిట్లకు 820 రూపాయలు అయితే, 201 యూనిట్లకు 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. మాకు 180 యూనిట్లకు 724 రూపాయలయ్యేది, 312 యూనిట్లకు 1898 అయింది. వాడకం రెట్టింపు కూడా కాలేదు, డబ్బు మాత్రం రెండున్నర రెట్లు దాటింది. ఫ్యాక్టరీలలో పనిచేసి ఈపీఎస్ పింఛను తీసుకునే మన సోదరులకు 2014 సెప్టెంబరులో కనీస పింఛను 1000 రూపాయలుగా నిర్ణయించారు. అంత పింఛనుతో బ్రతికేవారికి ఇటువంటి బిల్లు ఒక్కటి వస్తే ఆ నెల మందులు ఎట్లా కొంటారో ఆలోచించండి.

కారణం వెతకడానికి మొదట బిల్లు మీది అంకెనూ మీటరు మీది అంకెనూ పోల్చాను. రీడింగు తప్పు లేదు. రెండు రీడింగుల నడుమ రోజులు లెక్కపెట్టాను. అవీ సరిగ్గానే ఉన్నాయి. తరువాత రాత్రి పడుకునే ముందు, మీదివాళ్ళకు చెప్పి, ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపి, మెయిన్ మాత్రం ఉంచి మీటరు ముందు కూర్చున్నాను. మా మీటరులో చిన్న ఎర్రదీపం ఉంది. అది 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అని మీటరు మీదనే వ్రాసి ఉంటుంది. చాలాసేపు అది మెరవలేదు. లేవబోతుండగా దానంతట అదే గబగబా మెరవసాగింది. నిమిషానికి యాభైకి పైగా లెక్కపెట్టాను. అంటే గంటకు దాదాపు ఒక యూనిట్. ఇంటి వెనుకనుండి మోటారు చప్పుడు వినబడింది.

హౌజులోని నీళ్ళను మీది ట్యాంకుకు ఎక్కించే ఒక హార్స్‌పవర్ మోటారు అది. ట్యాంకులో నీళ్ళు తగ్గితే తానే నడిచేటట్టు మా అబ్బాయి ఆటోమేటిక్ పెట్టించాడు. స్విచ్చులన్నీ ఆపిన నాకు దాని సంగతే గుర్తు లేదు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ పైపును ట్యాంకు అడుగున కలిపాడు. నీళ్ళు తిరిగి దిగకుండా ఆపే వాల్వు అరిగిపోయింది. ఎక్కిన నీళ్ళు మళ్ళీ హౌజులోకే దిగుతున్నాయి, మోటారు మళ్ళీ ఎక్కిస్తున్నది. చుక్క నీరు బయట పడలేదు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. రోజుకు నాలుగు గంటలకు పైగా మోటారు ఊరికే నడిస్తే నెలకు 130 యూనిట్లు దాటడంలో వింత లేదు. వాల్వు మార్పించాము. మరుసటి నెల 176 యూనిట్లు వచ్చింది.

2024 మార్చి బిల్లుల నుండి గృహజ్యోతి పథకం క్రింద అర్హులైన తెల్లకార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా అయింది. 200 దాటితే ఆ నెల మొత్తానికీ కట్టవలసిందే. కనుక అటువంటి ఇండ్లలో కారిపోయే వాల్వు, ఆగని గీజరు, తలుపు సరిగా మూసుకోని ఫ్రిజ్ ఇంకా ఎక్కువ నష్టం చేస్తాయి.

సభ్యులకు నా మనవి. ప్రతి నెలా ఒకే తారీఖున మీటరు అంకె ఒక నోటుబుక్కులో వ్రాసుకోండి. పింఛను పడే రోజైతే మరచిపోము. బిల్లు పెరిగితే మొదట అంకెలు పోల్చండి, పిదప రోజులు, తరువాత స్లాబు, చివరకు ఇల్లు చూడండి. ఇంట్లో దోషం కనపడకపోతే 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి, మీటరు పరీక్షించమని వ్రాతపూర్వకంగా అడగండి. 2003 విద్యుత్ చట్టం ప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉన్నది, దానిపైన ఓంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడ మన నోటుబుక్కే మనకు సాక్ష్యం.

వాల్వు మార్పించిన రోజు నేను మళ్ళీ మీదికి వెళ్ళి, “తప్పు మాదే బిడ్డా, మోటారు చేసిన పని” అన్నాను. ఆమె నవ్వి, “పోనీ సారూ” అన్నది. ఆ మాటతో నా మనసు తేలికపడింది కాని, ఆమె నోటుబుక్కు లేకపోతే ఆ రోజు నేను ఏం మాట్లాడి ఉండేవాడినో అని ఇప్పటికీ అనుకుంటాను. ఇప్పుడు నెల మొదటి తారీఖున మా మీటరు అంకె నేను వ్రాస్తాను, వాళ్ళది ఆమె వ్రాస్తుంది. ఇద్దరం సరిచూసుకుంటాము.